వెన్నుకు విద్య నేర్పిన ఆచార్యుడు

కర్నూలు జిల్లా పడమటి భాగంలోని పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు సీమల పల్లెలకు దొమ్మరాట కొత్తది కాదు. డోలు మోగితే చాలు, పిల్లలూ పెద్దలూ వీధిలో గుమిగూడేవారు. పొడవైన గడ ఎక్కడం, తాడుపై నడవడం, మొగ్గలు వేయడం వంటి విద్యల నడుమ ఒక చిన్నపిల్ల నిలుచున్నచోటనే వెనుకకు వంగి, తల నేలకు ఆనించి, అక్కడ పెట్టిన వస్తువును నోటితో అందుకొనేది. చూపరులు చప్పట్లు కొట్టి, చేతనైనంత ఇచ్చి, ఇళ్ళకు వెళ్ళేవారు. ఆ నడుము అలా వంగడానికి ఆ పసిదేహం ఎంత శ్రమ పడిందో అడిగేవారు తక్కువ.

వెనుకకు వంగడమనే ఈ విద్య వీధిలోనే కాక దేవాలయంలోనూ ఉంది. భరతుని నాట్యశాస్త్రం చెప్పిన 108 కరణాలలో లలాటతిలకం ఒకటి. నర్తకి కాలిని వెనుకనుండి తేలుకొండివలె పైకెత్తి, కాలివ్రేలితో నుదుట తిలకం దిద్దుతున్నట్లు నిలుస్తుంది. చిదంబరం గోపురాలపై కరణాలను శిల్పులు వరుసగా చెక్కారు. వ్యాయామశాలలో ఇదే వంపును బ్రిడ్జి అంటారు. జిమ్నాస్టిక్స్ క్రీడాకారిణి నేర్చుకొనే తొలి పాఠాలలో అదొకటి. యోగాభ్యాసంలోకి వస్తే భుజంగాసనం, ధనురాసనం, ఉష్ట్రాసనం, కపోతాసనం అన్నీ ఈ కుటుంబానికి చెందినవే. వీధిలో అది పొట్టకూటి విద్య. రంగస్థలంపై సౌందర్యం. మైదానంలో పోటీ. మరి యోగశాలలో అది ఏమిటి? ఈ ప్రశ్నకు నూరేండ్ల జీవితంలో ఒకటి కాదు, రెండు సమాధానాలు చెప్పిన వ్యక్తి తిరుమలై కృష్ణమాచార్య.

పత్తికొండనుండి పడమరగా ఆలూరు దాటి వెళితే బళ్ళారి వస్తుంది. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 వరకు బళ్ళారి జిల్లాలోనివే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అవి కర్నూలు జిల్లాలో చేరాయి. బళ్ళారికి దక్షిణాన చిత్రదుర్గం జిల్లా ఉంది. ఈ సరిహద్దు నేలలో తెలుగు, కన్నడాలు ఒకే ఇంటి రెండు గదులవంటివి. ఆ చిత్రదుర్గం జిల్లాలోని ముచుకుందపురంలో, తెలుగు మాట్లాడే ఒక శ్రీవైష్ణవ కుటుంబంలో, 1888 నవంబరు 18న కృష్ణమాచార్య జన్మించారు. తండ్రి శ్రీనివాస తాతాచార్యులు, తల్లి రంగనాయకమ్మ. ఆరుగురు సంతానంలో ఆయనే పెద్దవాడు. తండ్రి వేదం బోధించేవారు. కుమారునికి తొలి సంస్కృత పాఠాలు, తొలి ఆసనాలు నేర్పినది కూడా ఆయనే. ఆ బోధ ఎక్కువ కాలం సాగలేదు. కృష్ణమాచార్యకు సుమారు పదేండ్ల వయస్సున తండ్రి మరణించారు. కుటుంబం మైసూరుకు తరలిపోయింది. అక్కడి పరకాల మఠానికి వారి వంశంలోని పెద్దలు పీఠాధిపతులుగా ఉండిరి. బాలుడు మఠంలోనూ, మహారాజావారి సంస్కృత పాఠశాలలోనూ చదివి వ్యాకరణం, తర్కం, వేదాంతం అభ్యసించాడు.

తరువాతి కాలమంతా విద్యకోసం తిరిగిన కాలం. కాశీకి రెండుమార్లు వెళ్ళారు. న్యాయ, సాంఖ్య, మీమాంసాది శాస్త్రాలలో పట్టాలు సంపాదించారు. ఆయుర్వేదం చదివారు. అనంతరం హిమాలయాలు దాటి మానస సరోవర ప్రాంతంలో రామమోహన బ్రహ్మచారి అనే గురువు వద్ద ఏడేండ్లకు పైగా యోగం అభ్యసించినట్లు ఆయన స్వయంగా శిష్యులకు చెప్పేవారు. ఆ గురువు గురించి మనకు తెలిసినదంతా శిష్యుని నోటినుండి వచ్చినదే. గురుదక్షిణగా ఆయన ధనం కోరలేదట. ఇంటికి వెళ్ళి, పెండ్లి చేసుకొని, గృహస్థుడవై యోగం బోధించమని కోరాడట. ఎవరి సాక్ష్యమూ లేని ఈ కథలో చారిత్రకాంశమెంతో చెప్పలేము గాని, ఆ ఆజ్ఞ ప్రకారమే ఆయన జీవితం నడిచిందన్నది మాత్రం వాస్తవం. 1925లో నామగిరియమ్మను వివాహం చేసుకొన్నారు.

అంతటి పండితునికి ఏ సంస్థానంలోనో, ఏ కళాశాలలోనో ఉద్యోగం దొరకడం కష్టం కాదు. కాని యోగం నేర్పుతానని వచ్చినవానికి ఆ రోజులలో జీతమిచ్చేవారు లేరు. చదువుకొన్నవారి దృష్టిలో ఆసనాలు బైరాగుల వేషాలు, సంతలో చూపించే చిత్రాలు. కృష్ణమాచార్య హాసను జిల్లాలోని ఒక కాఫీ తోటలో పనివారిపై పర్యవేక్షకునిగా చేరారు. పొట్టి లాగు తొడుక్కొని, చేత కర్ర పట్టుకొని తోటలో తిరిగారు. సెలవు దినాలలో ఊరూరా ఉపన్యాసాలిస్తూ, ఆసనాలు ప్రదర్శించేవారు. 1927లో హాసనులో ఆయన ప్రదర్శన చూచిన 12 ఏండ్ల బాలుడొకడు మరునాడే శిష్యుడుగా చేరాడు. ఆ బాలుడే తరువాత లోకప్రసిద్ధుడైన కె. పట్టాభి జోయిస్.

మైసూరు సంస్థానాన్ని నాల్వడి కృష్ణరాజ ఒడెయరు పాలిస్తున్న కాలమది. సంగీతానికి, విద్యకు, పరిశ్రమలకు ఆయన ఎంత చేయూతనిచ్చాడో, దేహవ్యాయామానికి కూడా అంత ఇచ్చాడు. కృష్ణమాచార్య పాండిత్యం ఆయన దృష్టికి వచ్చింది. 1930 దశకం ఆరంభంలో సంస్కృత పాఠశాలలో బోధించడానికి పిలిపించారు. 1933లో జగన్మోహన రాజభవనంలోని ఒక భాగాన్ని యోగశాలకు కేటాయించారు. కాఫీ తోట పర్యవేక్షకుడు రాజాస్థాన యోగాచార్యుడయ్యారు.

ఆ యోగశాలలో జరిగినదేమిటో తెలియాలంటే కొంచెం వెనుకకు వెళ్ళాలి. పదిహేనవ శతాబ్దికి చెందిన హఠయోగప్రదీపిక వర్ణించిన ఆసనాలు పదిహేనే. వాటిలో అధికభాగం కూర్చొని చేసేవి. అందులోని ధనురాసనం కూడా నేడు మనం ఆ పేరుతో పిలిచే, బోర్లపడుకొని చీలమండలు పట్టుకొని లేచే ఆసనం కాదు. కాలివ్రేళ్ళను చేతులతో పట్టి వింటినారివలె చెవివరకు లాగేది. తరువాత వచ్చిన ఘేరండ సంహితలో ఆసనాల సంఖ్య 32కు పెరిగింది. భుజంగ, శలభ, ఉష్ట్రాసనాలు అందులో కనిపిస్తాయి. అయినా నేడు యోగశాలలలో కనిపించే వెనుకవంపులలో చాలావాటికి ఈ రెండు గ్రంథాలలో చోటు లేదు.

మరి అవి ఎక్కడివి? ఈ విషయంపై పండితులు ఇప్పటికీ వాదించుకొంటున్నారు. మైసూరు రాజు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు 19వ శతాబ్దిలో కూర్పించిన శ్రీతత్త్వనిధిలో 122 ఆసనాల చిత్రాలున్నాయి. తాళ్ళు పట్టుకొని చేసేవి కూడా వాటిలో ఉన్నాయి. కృష్ణమాచార్య విద్యకు రాజభవనంలోని ఈ వ్యాయామ సంప్రదాయమే మూలమని నార్మన్ స్యోమన్ 1996లో వాదించాడు. ఐరోపా జిమ్నాస్టిక్స్, ముఖ్యంగా డెన్మార్కు పద్ధతి, భారతదేశపు పాఠశాలలలోకి, సైనిక శిబిరాలలోకి వచ్చిన కాలంలో యోగం దానితో కలిసి రూపు మార్చుకొందని మార్క్ సింగిల్టన్ 2010లో వ్రాశాడు. ఆ తరువాత హఠాభ్యాసపద్ధతి అనే 18వ శతాబ్ది సంస్కృత గ్రంథం పండితుల దృష్టిని ఆకర్షించింది. కపాల కురంటకుడు రచించిన ఆ గ్రంథంలో 112 ఆసనాలున్నాయి. దూకడం, తాడెక్కడం వంటివి కూడా వాటిలో చేరాయి. కృష్ణమాచార్య తన విద్యకు యోగ కురుంట అనే ప్రాచీన గ్రంథం ఆధారమని చెప్పేవారు. ఆ ప్రతి చీమల పాలైందని శిష్యులలో ఒక కథ ప్రచారంలో ఉంది. కురంటకుని పేరుకు, కురుంట గ్రంథం పేరుకు గల పోలిక విస్మరించదగినది కాదు. ఇంతకూ పుస్తకాలలో వెదకేవారు రాతిని మరచిపోరాదు. ఆదోనికి దూరం కాని హంపీ దేవాలయ స్తంభాలపైనా, శ్రీశైలం ప్రాకారంపైనా దేహాన్ని చిత్రవిచిత్రంగా మెలిపెట్టిన యోగుల బొమ్మలున్నాయి. ఆ శిల్పుల కాలానికి డెన్మార్కు వ్యాయామం పుట్టనేలేదు.

మూలం ఏదైనా, ఆ వంపులను ఒక క్రమంలో పెట్టినవారు కృష్ణమాచార్య. ఒక ఆసనం నుండి మరొక ఆసనానికి శ్వాసను లెక్కిస్తూ వెళ్ళే పద్ధతికి ఆయన విన్యాసమని పేరు పెట్టారు. 1934లో కన్నడంలో ప్రచురించిన యోగ మకరందంలో దీనిని వివరించారు. ప్రతి విన్యాసంలోనూ అభ్యాసకుడు అరచేతులు నేలకు ఆనించి, ఛాతీని ముందుకు తెచ్చి, తల పైకెత్తుతాడు. అంటే చిన్నదో పెద్దదో ఒక వెనుకవంపు ఆ అభ్యాసమంతటా దాగి ఉంటుంది. పట్టాభి జోయిస్ తరువాతి కాలంలో నేర్పిన రెండవ వరుసలో శలభ, భేక, ధనుర్, ఉష్ట్ర, లఘువజ్ర, కపోతాసనాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

యోగశాలలో చేరినవారు ఎక్కువగా బాలురు. రాజబంధువుల పిల్లలు కొందరు, పాఠశాల విద్యార్థులు కొందరు. గురువు కోపిష్ఠి. తప్పు చేసినవాని వీపు చురుక్కుమనేది. రాజు అతిథులు వచ్చినప్పుడు ప్రదర్శనలు జరిగేవి. యోగంపట్ల ప్రజలలో ఆసక్తి కలిగించాలన్న రాజాజ్ఞపై ఆచార్యుడు శిష్యులను వెంటబెట్టుకొని ఊరూరా తిరిగారు. ధ్యానం చేసేవానిని చూచి చప్పట్లు కొట్టేవారుండరు. విల్లువలె వంగినవానిని చూచి కొడతారు. కపోతాసనంలో వెనుకకు వంగిన శిష్యుని దేహంపై గురువు నిలుచున్న ఛాయాచిత్రమొకటి ఆనాటినుండి నిలిచి ఉంది. శిష్యుని దృఢత్వానికి అది నిదర్శనమని కొందరంటారు. ఆ చిత్రాన్ని నేడు చూచే వైద్యుడు మాత్రం ముందుగా ఆ నడుమునే చూస్తాడు.

అందుకు కారణం ఉంది. మన వెన్నెముకలో మెడ దగ్గర 7, ఛాతీ వెనుక 12, నడుములో 5 పూసలు విడివిడిగా ఉంటాయి. వాటి క్రిందివి అతుక్కొని ఉంటాయి. ఛాతీ పూసలకు పక్కటెముకల పంజరం అడ్డు గనుక అవి వెనుకకు ఎక్కువగా వంగవు. నడుము పూసలు సులభంగా వంగుతాయి. కనుక శిక్షణ లేని దేహం వెనుకకు వంగినప్పుడు భారమంతా నడుములోని చివరి రెండు పూసలమీదనే పడుతుంది. వెనుకవంపులు పదేపదే చేసే బాల జిమ్నాస్టులలో ఆ పూసల వెనుకభాగపు సన్నని ఎముక చిట్లడం ఇతరులలోకంటె ఎక్కువగా కనిపిస్తుంది. అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ పోటీలలో మహిళల కనీస వయస్సును 1997లో 15 నుండి 16కు పెంచడానికి గల కారణాలలో పసిదేహాల రక్షణ ఒకటి. భుజాలను, తుంటికీళ్ళను తెరచి, ఛాతీని పైకెత్తి, వంపును వెన్నంతటికీ పంచడమే ఈ విద్యలోని రహస్యం. వంగడం గొప్పకాదు, ఎక్కడ వంగుతున్నామన్నది ముఖ్యం.

ఈ రహస్యాన్ని బాధ ద్వారా తెలుసుకొన్న బాలుడొకడు ఆచార్యుని ఇంటిలోనే ఉన్నాడు. ఆయన భార్య నామగిరియమ్మ తమ్ముడు సుందరరాజ అయ్యంగార్, అంటే బి.కె.ఎస్. అయ్యంగార్, 1918లో కోలారు జిల్లా బెళ్ళూరులో జన్మించాడు. చిన్నతనంలో మలేరియా, టైఫాయిడ్, క్షయ అతనిని పీల్చి పిప్పిచేశాయి. 1934లో అక్కకు తోడుగా ఉండమని బావగారు అతనిని మైసూరుకు పిలిపించారు. బక్కచిక్కిన ఆ పిల్లవానికి యోగం పట్టుబడదని ఆచార్యుడు మొదట అతనికి ఏమీ నేర్పలేదు. నీళ్ళు తోడడం, ఇంటిపనులు చేయడం అతని వంతు. ఇంతలో ఒకనాటి ఉదయం ఆచార్యునికి మిక్కిలి ప్రియుడైన శిష్యుడు ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. ముందు ప్రదర్శన ఉంది. చేతిలో మరొకరు లేరు. అప్పుడు గాని గురువు చూపు బావమరిదిపై పడలేదు. కఠినమైన ఆసనాలను కొద్దిరోజులలోనే నేర్పి సభలో నిలిపారు.

బాలుడు నెగ్గాడు. మూల్యం కూడా చెల్లించాడు. కాళ్ళు రెండూ ముందువెనుకలకు పూర్తిగా చాచే హనుమదాసనం ఒకనాడు పెద్దమనుషుల ఎదుట చేయమని గురువు ఆజ్ఞాపించాడనీ, తనకు రాదన్నా విడువలేదనీ, తొడ వెనుక కండరాలు చిరిగి చాలాకాలం బాధపడ్డాననీ అయ్యంగార్ వార్ధక్యంలో చెప్పుకొన్నారు. గురువును గురించి ఆయన భక్తితోనూ మాట్లాడారు, నొచ్చుకొనీ మాట్లాడారు. ఆ రెండింటిలో దేనినీ దాచలేదు. ప్రదర్శనకోసం దేహాన్ని వంచే విషయంలో దొమ్మరాట పిల్లకూ, రాజభవనంలోని ఆ బాలునికీ ఎంత తేడా ఉందని ఎవరైనా అడిగితే, ఆ కాలానికి సంబంధించినంతవరకు సమాధానం చెప్పడం తేలిక కాదు. ఒకరికి చిల్లర దొరికింది, ఒకరికి సత్కారం దొరికింది.

అయితే అదే కాలంలో మరొక ప్రవాహం కూడా ఆ యోగశాలలో మొదలైంది. 1937లో ఇంద్రాదేవి అనే పేరుతో భారతదేశంలో నటిగా పరిచితురాలైన ఒక ఐరోపా వనిత వచ్చి యోగం నేర్పమని కోరింది. ఆమె 1899లో రీగా నగరంలో పుట్టింది. స్త్రీకి, అందునా విదేశీయురాలికి నేర్పడానికి ఆచార్యుడు అంగీకరించలేదు. మహారాజు చెప్పినమీదట ఒప్పుకొన్నా, కఠిన నియమాలు పెట్టి ఆమె తనంతట తానే వెళ్ళిపోతుందని ఎదురుచూచారు. ఆమె వెళ్ళలేదు. చివరకు ఆచార్యుడే ఆమెను యోగం బోధించమని ఆదేశించారు. ఆమె 1939లో షాంఘైలోనూ, ఆ తరువాత హాలీవుడ్‌లోనూ యోగశిక్షణాలయాలు తెరచింది. ఆమెకు నేర్పిన విద్య బాలురకు నేర్పిన విద్యకంటె మృదువైనది. మనిషిని బట్టి విద్యను మార్చవచ్చునన్న ఆలోచన ఆచార్యునిలో అప్పటికే ఉందని దీనిని బట్టి ఊహించవచ్చు. 1937లోనే అయ్యంగారును పుణెకు బోధకునిగా పంపారు.

1938లో తీసిన ఒక మూగచిత్రం నేటికీ లభ్యమవుతున్నది. అందులో ఏబది ఏండ్ల ఆచార్యుడు, ఆయన భార్య, కుమార్తెలు, ఇరువది ఏండ్ల అయ్యంగార్ కనిపిస్తారు. అయ్యంగార్ దేహం వెనుకకు వంగే తీరు చూస్తే ఎముకలున్నాయా అన్న సందేహం కలుగుతుంది. ఆ చిత్రంలో ప్రేక్షకుడు సాధారణంగా గమనించని విషయం మరొకటి ఉంది. గురువు ఏ ఆసనంలోనూ తొందరపడడు.

1940లో నాల్వడి కృష్ణరాజ ఒడెయరు పరమపదించాడు. తరువాతి రాజు కూడా కొంతకాలం ఆదరించాడు గాని, దేశం స్వతంత్రమై సంస్థానాల అధికారం పోయిన తరువాత యోగశాలకు నిధులు ఆగిపోయాయి. 1950లో అది మూతపడింది. అప్పటికి కృష్ణమాచార్యకు అరువది రెండేండ్లు. పెద్ద సంసారం. రాజు లేడు, సభ లేదు, విల్లువలె వంగే బాలురు లేరు. వేరొకరైతే అక్కడితో జీవితచరిత్ర ముగిసేది.

1952లో మద్రాసులో పక్షవాతానికి గురైన ఒక ప్రముఖ న్యాయవాదికి చికిత్స చేయడానికి ఆయనకు పిలుపు వచ్చింది. ఆ రోగి కోలుకోవడానికి ఆచార్యుని యోగ చికిత్స, ఆయుర్వేదం తోడ్పడ్డాయి. కుటుంబం మద్రాసులో స్థిరపడింది. ఇకమీదట ఆయన వద్దకు వచ్చినవారు ప్రదర్శనలిచ్చే పిల్లలు కారు. ఉబ్బసంతో ఎగశ్వాస పీల్చేవారు, నడుము నొప్పితో కూర్చోలేనివారు, నిద్ర పట్టనివారు. వీరిని కపోతాసనం వేయమనడం జరిగే పని కాదు. మైసూరులో శిష్యుని దేహంపై నిలుచున్న పాదాలు మద్రాసులో రోగి పక్కన నేలమీద కూర్చొన్నాయి.

ఆయన ఒక్కొక్కరినే పిలిచి నాడి చూచి, శ్వాస గమనించి, ఏ ఆసనం, ఎన్నిసార్లు, ఏ శ్వాసతో చేయాలో నిర్ణయించేవారు. వెనుకకు వంగేటప్పుడు ఛాతీ విచ్చుకొంటుంది గనుక శ్వాస పీల్చాలి. ముందుకు వంగేటప్పుడు పొట్ట ముడుచుకొంటుంది గనుక శ్వాస విడవాలి. ఇదీ ఆయన సూత్రం. పీల్చడం దేహాన్ని పుష్టిపరచే బృంహణమనీ, విడవడం దేహాన్ని తేలికపరచే లంఘనమనీ ఆయుర్వేద పరిభాషలో వివరించేవారు. ప్రతి వంపుకూ ప్రతిక్రియ ఉండాలన్నది మరొక నియమం. వెనుకకు వంగినవాడు కొంత సేపటికి మెల్లగా ముందుకు వంగి నడుముకు విశ్రాంతినివ్వాలి. నిలువెత్తు వంపు సాధ్యం కానివానికి బోర్లపడుకొని ఛాతీని నాలుగంగుళాలు ఎత్తడమే భుజంగాసనం. అది కూడా చేయలేనివాడు కుర్చీలో కూర్చొని చేతులెత్తుతూ గాలి పీల్చితే చాలు. చూచేవారికి అందులో వింత ఏమీ కనిపించదు. కాని అదే వంపు, అదే విద్య. చప్పట్లు మాత్రం లేవు.

ఆయన కుమారుడు టి.కె.వి. దేశికాచార్ ఇంజనీరింగ్ చదివి ఉద్యోగానికి వెళ్ళబోతున్న రోజులలో జరిగిన సంగతి ఒకటి ఉంది. న్యూజిలాండ్ నుండి వచ్చిన ఒక స్త్రీ చాలాకాలంగా నిద్రలేమితో బాధపడుతూ ఆచార్యుని వద్ద చికిత్స పొందుతుండేది. ఒకనాటి ఉదయం ఆమె కారు దిగుతూనే పరుగున వచ్చి, పంచకట్టు, నుదుట తిరునామంతో నిలుచున్న ఆ వృద్ధ శ్రీవైష్ణవుని వీధిలోనే కౌగిలించుకొంది. మాత్రలు లేకుండా రాత్రి నిద్రపట్టిందట. పరాయి స్త్రీ తన తండ్రిని తాకడం చూచి దేశికాచార్ నిశ్చేష్టుడయ్యాడు. ఆ తరువాత విషయం తెలుసుకొని, ఉద్యోగం మాని తండ్రికి శిష్యుడయ్యాడు. తండ్రి తేలికగా ఒప్పుకోలేదు. తెల్లవారుజామున మూడున్నరకు పాఠానికి రమ్మన్నారు. కుమారుడు వచ్చాడు. 1976లో దేశికాచార్ మద్రాసులో కృష్ణమాచార్య యోగ మందిరం స్థాపించాడు.

శిష్యులు ముగ్గురూ మూడు దారులు పట్టడం గమనింపదగినది. జోయిస్ మైసూరులోనే ఉండి, గురువు తన యౌవనంలో నేర్పిన చురుకైన వరుసలను మార్చకుండా నిలుపుకొన్నారు. అయ్యంగార్ దెబ్బతిన్న తన దేహాన్నే ప్రయోగశాల చేసుకొని, ఏ ఎముక ఎక్కడ నిలవాలో పరిశోధించి, బల్లలు, తాళ్ళు, కుర్చీలు, దుప్పట్ల సాయంతో వృద్ధులకు, రోగులకు సైతం వెనుకవంపులు నేర్పారు. 1952లో వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ ఆయన శిష్యుడై, తరువాత ఐరోపాకు తీసుకువెళ్ళాడు. 1966లో వచ్చిన ఆయన ఆంగ్ల గ్రంథం ప్రపంచమంతటా యోగాభ్యాసకులకు ఆధారగ్రంథమైంది. దేశికాచార్ తండ్రి వార్ధక్యంలోని మెత్తని బోధను అందుకొన్నారు. మదనపల్లెలో పుట్టిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి మొదట అయ్యంగార్ వద్ద, తరువాత దేశికాచార్ వద్ద ఆసనాలు అభ్యసించారు. ఒకే గురువు వద్దనుండి ఇంత భిన్నమైన బోధలు వచ్చాయంటే, గురువు మారుతూ వచ్చారని అర్థం. ఎవరు ఏ వయస్సులో కలిస్తే వారికి ఆ కృష్ణమాచార్య దొరికారు.

మైసూరులో తన వల్ల బాధపడిన బాలురను గురించి ఆయన బహిరంగంగా పశ్చాత్తాపం ప్రకటించినట్లు ఎక్కడా లేదు. ఆయన స్వభావం అటువంటిది కాదు. నిత్యానుష్ఠానం, శ్రీవైష్ణవ నిష్ఠ, ఎవరికీ తలవంచని పాండిత్యాభిమానం చివరివరకు ఉన్నాయి. ఆయన నేర్పే పద్ధతి మాత్రం పూర్తిగా మారిపోయింది.

96వ ఏట జారిపడి తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్సకు ఆయన ఒప్పుకోలేదు. మంచంమీదనే పడుకొని చేయదగిన చిన్న చిన్న కదలికలను, శ్వాసతో కలిపి, తనకు తానే క్రమపరచుకొన్నారు. ఒకప్పుడు పిల్లలచేత వెనుకకు వంగి నేలను తాకించిన ఆచార్యుడు, ఇప్పుడు వెల్లకిల పడుకొని చేయెత్తడాన్ని, మోకాలు ముడవడాన్ని అంతే శ్రద్ధతో లెక్కపెట్టుకొన్నారు. పాఠాలు ఆగలేదు. వచ్చినవారికి మంచం దగ్గరనుండే బోధించారు. 1988 నవంబరులో నూరేండ్లు నిండాయి.

1989 ఫిబ్రవరి 28న మద్రాసులో కృష్ణమాచార్య కన్నుమూశారు. అప్పటికి ఆయన నేర్పిన విద్యను అమెరికా, ఐరోపాలలో వేలమంది అభ్యసిస్తున్నారు. ఆయన మాత్రం ఒక్కసారి కూడా సముద్రం దాటలేదు.